బట్ట మల్లమ్మది, కుట్టు నాది

మా పెద్దమ్మ యాదమ్మ పదకొండో దినం అయిపోయి నేను షాద్‌నగర్ తిరిగి వచ్చిన వారానికి, దేవరకొండ నుంచి ఆమె కోడలు లావణ్య ఫోన్ చేసింది.

“వదినె, అత్తమ్మ మిషిని నేను ఉంచుకుంటున్న. గీ కటింగ్ కాయితాలే ఏంజెయ్యాల్నో సమజైతలేదు. రెండు సంచులున్నయ్. మీ తమ్ముడేమో నీళ్లపొయ్యిల వెట్టమంటుండు. నాకే మనసొప్పుతలేదు.”

“ఉండనియ్యి, నేనొస్త” అన్నాను.

పెద్దమ్మ బతికినంత కాలం జాకెట్లు కుట్టింది. కటింగ్ కాగితాలంటే, ఒక్కొక్కరి కొలతకు పాత వార్తాపత్రిక మీద గీసి కత్తిరించి పెట్టుకున్న ముక్కలు. ముందు భాగం, వెనక భాగం, చెయ్యి, నడుం పట్టీ. మనిషికొక కట్ట. ఆ మనిషి మొదటిసారి కుట్టించుకున్న జాకెట్‌లో మిగిలిన పీలికతోనే ఆ కట్టను కట్టి, పైన పెన్సిల్‌తో పేరు రాసేది. పేరంటే ఆమెకు గుర్తుండే పేరు. ‘పోస్టాఫీసు ఎనుక సుజాత’, ‘నవ్వే టీచరమ్మ’, ‘కుడిచెయ్యి పొడుగు లచ్చమ్మ’. చనిపోయినవాళ్ల కట్టలు కూడా తీసేసేది కాదు. ఎందుకు పెద్దమ్మా అని ఒకసారి అడిగితే, “మనిషి పోతే కొలత పోతదా?” అన్నది. ఆ మాట అప్పుడు నాకు పట్టలేదు. మొన్న ఆ సంచుల ముందు కూర్చుని ఒక్కొక్క పేరూ చదువుతుంటే పట్టింది. నా పేరున్న కట్ట రెండో సంచి అడుగున దొరికింది. నీలం పూల పీలిక. నాలుగు ముక్కలుండాల్సిన కట్ట చేతికి బరువుగా, లావుగా తగిలింది. లావణ్య చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. నేను దాన్ని వెంటనే విప్పలేదు.

తెలంగాణ వచ్చిన కొత్తలో, బస్సుల మీదా బోర్డుల మీదా అక్షరాలు మారుతున్న రోజుల్లో, నేను ఆ ఇంట్లో ఉండి డిగ్రీ చదివాను. మా ఊరి నుంచి కాలేజీ వేళకు బస్సు లేదు. ఇల్లంటే రెండు అర్రలు, ముందు ఒక రేకుల వసారా. వసారాలో మిషన్. అక్కడ కూర్చుంటే ఇళ్ల మీదుగా గుట్ట మీది ఖిలా గోడ కనిపించేది. పెద్దబాపు పొద్దున్నే సద్ది కట్టుకుని చేనికి పోయేవాడు. ఆయన పోగానే పెద్దమ్మ మిషన్ మీది గుడ్డ తీసి, చిన్న డబ్బాతో అక్కడొక చుక్క ఇక్కడొక చుక్క నూనె పోసి, ఒక పాత గుడ్డ ముక్క మీద పది కుట్లు వేసి చూసేది. మిషన్ నూనె, బొగ్గుల ఇస్త్రీపెట్టె, కొత్త బట్టల గంజి, లోపలి నుంచి జొన్నరొట్టె. ఈ నాలుగు వాసనలూ కలిస్తే అది నాకు పొద్దున పూట. ఇప్పటికీ ఏ టైలర్ దుకాణం ముందు నుంచి నడిచినా ఆకలవుతుంది.

ఆమె ఐదో తరగతి వరకే చదువుకుంది. కానీ చేతికొచ్చిన కాగితాన్ని చదవకుండా కత్తెర పెట్టేది కాదు. కిరాణా దుకాణం నుంచి పాత పేపర్ల కట్ట తెచ్చుకుని, అన్నం తిన్నాక గోడకానుకుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి, అప్పుడు కోసేది. “సదవకుంట కోస్తే పాపం తగుల్తది” అనేది, నవ్వుతూనే. అందువల్ల మా ఇంట్లోకి వార్తలు రెండు మూడు నెలలు ఆలస్యంగా వచ్చేవి. ఊరంతా మరచిపోయిన సంగతిని పెద్దమ్మ కొత్తగా చెప్పేది. కొలతలిచ్చే ఆడవాళ్లు చేతులు చాపుకుని నిలబడి, “యాదక్కా, గది ఉగాది నాటి ముచ్చట” అని నవ్వేవాళ్లు. “మీకు ఉగాది నాడయింది, నాకు ఇయ్యాల్నే అయింది” అనేది ఆమె, మెడలో టేపు సర్దుకుంటూ.

ఆ నియమం తప్పింది ఒక్క మాఘమాసంలోనే. పెళ్లిళ్లు మీద పడ్డాయి. వసారాలో బట్టల మూటలు కాళ్లకడ్డం పడేవి. పాత పేపర్లు అయిపోతే, నవ్వే టీచరమ్మ వాళ్లింట్లోవి తెచ్చిచ్చింది. అవి పోయిన వారం పేపర్లే. చదివే తీరిక లేక పెద్దమ్మ వాటిని చదవకుండానే కోసింది. మేనమామ కూతురి పెళ్లికి నాకొక జాకెట్ కుడుతూ, నా చెయ్యి ముక్కను బట్ట మీద పెట్టి పట్టుకొమ్మని నాకిచ్చింది. నేను దాన్ని పట్టుకుని అలవాటుగా పైకి చదివాను.

“మహిళా రచయితలకు ఆహ్వానం” అని ఉంది. హైదరాబాద్ నుంచి వచ్చే ఒక సాహిత్య మాసపత్రిక స్త్రీల ప్రత్యేక సంచిక వేస్తున్నది. ఇంతవరకు ఎక్కడా అచ్చు కాని వారికి ప్రాధాన్యం. కథ గానీ అనుభవం గానీ, పది పేజీలు మించకూడదు. కాగితానికి ఒకవైపే రాయాలి. మీ ఊరి మాటలోనే రాయవచ్చు. హామీ పత్రం తప్పనిసరి. ‘చివరి తేదీ’ అని ఉండి, అక్కడి నుంచి చంక వంపు మొదలైంది. కత్తెర తేదీని తీసుకుపోయింది.

అప్పటికి నేను రహస్యంగా కథలు రాస్తున్నాను. పెద్దమ్మ మిషన్ ఆపి, “జర మల్ల సదువు” అన్నది. చదివాను. “ఎక్కడ అచ్చు గానోళ్లు అన్నడా?” అని అడిగింది. అవునన్నాను. ఇంకోసారి చదివించుకుంది. తర్వాత మిషన్ సొరుగు లాగి, కొలతల పుస్తకం తీసి, దాన్ని తిరగేసి, వెనక నుంచి తెరిచి నా చేతిలో పెట్టింది. ముందు నుంచి ఛాతీ, నడుము, భుజం. వెనక నుంచి కథలు. ఎన్నేళ్ల నుంచి రాస్తున్నదో, పెద్దబాపుకు కూడా తెలియదు.

“నవ్వకు” అన్నది. నేను నవ్వలేదు.

అందులో ఒకటి మల్లమ్మ కథ. మల్లమ్మ గొర్లు కాసే మనిషి, పక్క ఊరామె. ఏటా ఎండాకాలం మందతో పాటు కిందికి, కృష్ణ కాల్వల వరిపొలాల దిక్కు పోయి, తొలకరికి తిరిగి వచ్చేది. ఒక ఏడు ఆమె వచ్చి, “యాదక్కా, రైకకు లోపల జేబు కుట్టు” అన్నదట. ఆడవాళ్ల జాకెట్‌కు జేబేమిటని పెద్దమ్మ అడిగితే చెప్పింది. చిన్నబిడ్డ హాస్టల్లో చదువుతున్నది. తల్లి మందతో పోయే రోజు ఒక చిట్టీ రాసి చేతికిచ్చింది. మల్లమ్మకు చదువు రాదు. మంద ఆగిన ప్రతి ఊళ్లో ఎవరో ఒకరిని పట్టుకుని ఆ చిట్టీ చదివించుకునేది. ఒకరు గడగడ చదివారు. ఒకరు ఆగి ఆగి చదివారు. ఒక ముసలాయన చదివి, తనదొక మాట కలిపి, బిడ్డకు మంచి జరుగుతుందని చెప్పాడు. కొంగున కట్టుకుంటే చెమటకు, వానకు చిట్టీ నానిపోతున్నది. అందుకే జేబు. పెద్దమ్మ ఇదంతా ఐదు పేజీల్లో రాసింది. ఎక్కడా ఒక పోలిక లేదు. జేబు ఏ కొలతకు కుట్టిందో మాత్రం రాసింది. నేను చాలా పుస్తకాలు చదివానన్న గర్వంతో ఉన్న పిల్లను. అది చదివాక మళ్లీ మొదటి పేజీకి తిప్పాను.

ముందు తేదీ కావాలి. నేను కట్టలన్నీ విప్పబోతే పెద్దమ్మ ఆపింది. కళ్లు మూసుకుని చేతివేళ్లతో గాలిలో కోస్తున్నట్టు చూపి, “నీ చెయ్యి కోసినంక అదే కాయితంల సుజాత ముందు భాగం కోసిన” అన్నది. పోస్టాఫీసు వెనక సుజాత కట్ట విప్పాం. ఛాతీ దగ్గర మడత పెట్టే చోట తేదీ ఉంది. ఇంకా పన్నెండు రోజులు.

ఆ పన్నెండు రోజుల్లో ఆరు రోజులు పెళ్లి జాకెట్ల మధ్యనే కోత బల్ల మీద కూర్చుని ఆమె కథను తెల్లకాగితాల మీద శుభ్రంగా రాశాను. నాది కూడా రాసుకున్నాను. నా కథ సముద్రం గురించి. ఒక అమ్మాయి సముద్రం ఒడ్డున కూర్చుని తన జీవితం గురించి ఆలోచిస్తుంది. నేను అప్పటికి సముద్రం చూడలేదు. హామీ పత్రం ఎలా రాయాలో ఆహ్వానంలోనే ఉంది. ఈ రచన పూర్తిగా నా సొంతం, దేనికీ అనుకరణ గానీ అనువాదం గానీ కాదు అని. నాది నేను నిమిషంలో రాసి సంతకం పెట్టాను. పెద్దమ్మది కూడా రాసి ఆమె ముందు పెట్టాను. ఆమె చదివింది. కలం తీసుకుంది. మళ్లీ కింద పెట్టింది.

“గిది నేను వెట్ట బిడ్డా.”

“ఏమైంది?”

“పూర్తిగ నా సొంతమని ఉన్నది గద. మల్లమ్మ చెప్పకపోతే నాకేం తెలుసు?”

“కథలన్నీ గట్లనే ఉంటయ్ పెద్దమ్మా. ఎవలో చెప్పిందే ఇంకెవలో రాస్తరు. రాసినోళ్లదే సొంతం.”

“మంది ఇచ్చిన బట్ట కుట్టి, కుట్టినంక నాదే అని సందుగల వెట్టుకుంటనా? బట్ట మల్లమ్మది, కుట్టు నాది. ఆమెను అడగకుంట ఎట్ల పంపుత?”

మల్లమ్మ ఆ ఏడు ముందే పోయింది. మంద హుజూర్‌నగర్ దాటి ఎక్కడో ఉంది. ఆమెకు ఫోన్ లేదు. కొడుకు ఫోన్ ఎప్పుడు చూసినా మూగది. ఒకసారి కలిసింది. “అమ్మ మంద కాడున్నది. జాకిట్ గురించేనా? వచ్చినంక జూస్తదిలే” అని వాడు పెట్టేశాడు. పెద్దమ్మ రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆ నంబరు నొక్కేది. పదో రోజున నాకు ఓపిక పోయింది.

“నీకు భయం. అందుకే మల్లమ్మను అడ్డం వెట్టుకుంటున్నవ్” అన్నాను.

ఆమె సూదిలో దారం ఎక్కిస్తున్నది. ఎక్కించి, ముడి వేసి, అప్పుడు నా వైపు చూసింది. “భయం గూడ ఉన్నది. అదొక్కటే గాదు” అన్నది. అంతే. కోపం లేదు ఆ మాటలో. కోపం ఉంటే నేను ఇన్నాళ్లు మోసేదాన్ని కాదేమో. మరునాడు నేను నా కథ ఒక్కటే పోస్టు చేశాను. ఆమె నాతో పాటు పోస్టాఫీసు దాకా నడిచి, కవరు అంటిన చోట వేలితో గట్టిగా ఒత్తి ఇచ్చింది.

సముద్రం కథ అచ్చయింది. సంచిక ఇంటికి వచ్చిన రోజు పెద్దమ్మ దాన్ని రెండు చేతులతో పట్టుకుని చూసి, తెల్లటి లైనింగ్ బట్టతో అట్ట కుట్టింది. ఏ కాగితం మీదైనా కత్తెర ఆడించే మనిషి దాన్ని మిషన్ పక్కన ఎత్తుగా పెట్టింది. కొలతలకొచ్చిన వాళ్లందరికీ చూపేది. “మా చెల్లె బిడ్డ రాసింది. సముద్రం మీద.”

“సూసిందా సముద్రం?” అని లచ్చమ్మ అడిగింది.

“సూడకుంటనే రాసింది, గంత తెలివి!”

లోపలి అర్రలో కూర్చుని విని పొంగిపోయాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు ముఖం వేడెక్కుతుంది. ఆమె వెటకారంగా అనలేదు. వెటకారం ఆమెకు చేతకాదు.

పరీక్షలయ్యాక నేను మా ఊరికి పోయాను. తర్వాత పీజీ, తర్వాత షాద్‌నగర్‌లో లెక్చరర్ ఉద్యోగం. దేవరకొండకు ఏటా వెళ్లేదాన్ని. జాకెట్లు కుట్టించుకునేదాన్ని. నా కథలు ఒకటి రెండు పుస్తకాలయ్యాయి. ఆమె అన్నీ చదివింది. ఆమె కథ ఏమైందని మాత్రం నేను ఎప్పుడూ అడగలేదు. మరచిపోయి కాదు. అడిగితే ఆ సూదీ దారం గుర్తుకొస్తాయని.

లావణ్య చాయ్ తెచ్చింది. నేను నీలం పూల పీలిక విప్పాను.

నా చెయ్యి ముక్క పైనే ఉంది. చంక వంపు దగ్గర తేదీ లేదు. అంచులు పసుపెక్కాయి. దాంట్లో చుట్టి తెల్లకాగితాలు ఉన్నాయి. నా చేతిరాతే, నా పందొమ్మిదో ఏటిది, గుండ్రంగా. మూడో పేజీలో నాలుగు వాక్యాలను పెన్సిల్‌తో కొట్టేసి ఉంది. పక్కన పెద్దమ్మ రాత. ‘ఇంత ఏడ్వలేదట.’ చివర ఇంకో కాగితం. కొలతల పుస్తకంలోంచి చింపింది. అందులో ఇలా ఉంది.

‘ఈ కథల బట్ట మల్లమ్మది, కుట్టు నాది. ఆమెకు సదివి ఇనిపించిన. ఒప్పుకున్నది. ఇద్దరిది సొంతం.’

కింద ఒక వేలిముద్ర. పక్కన సంతకం, యాదమ్మ.

“గిది ఎప్పటిది లావణ్యా?”

“నేను పెండ్లయి రాకముందుదే వదినె. మల్లమ్మ జెప్తుండె. తొలకరికి మందతోటి రాంగనే అత్తమ్మ కూసోవెట్టి సదివిందట. అంత ఇని, ‘గంతగనం ఏడ్సిననా అక్కా నేను? జర లూజైంది, పట్టియ్యి’ అన్నదట. గందుకే కొట్టేసింది.” లావణ్య నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. “ఇగ అప్పటికెంచి ఏటా అదే పని. మందతోటి రాంగనే మల్లమ్మ ఈడికొస్తది. చాయ్ తాగుతది. ‘అక్కా, నా చిట్టీ సదువు’ అంటది. గీ కథను ఆమె చిట్టీ అంటది. అత్తమ్మ మిషిని ఆపి మొత్తం సదువుతుండె. పోయిన వానాకాలం గూడ సదివింది, దమ్మొస్తుంటే ఆపుకుంట ఆపుకుంట.”

ఇన్నేళ్లూ ఆ కథ ఎవరూ చదవలేదనుకున్నాను. నా సముద్రం కథను ఆ సంచిక వచ్చిన నెల తర్వాత ఎవరైనా చదివారా అంటే, నాకు తెలిసి ఒక్క పెద్దమ్మే చదివింది.

“ఇప్పుడు ఆమె వస్తే ఎట్ల?” అని అడిగాను.

“నేను సదువుత. ఎన్నిసార్లు ఇనలేదు!” అన్నది లావణ్య. తర్వాత నా చేతిలోని కాగితాల వైపు భయంగా చూసింది. “తీస్కపోతవా వదినె?”

తీసుకుపోవాలనే ఉంది. మేం నలుగురు ఆడవాళ్లం కలిసి ఒక చిన్న పత్రిక నడుపుతున్నాం. స్త్రీల సంచికకు రచనలు పిలవబోతున్నాం. ఆ ఐదు పేజీలు టైపు చేసి, పైన ఒక మాట రాసి, మొదటి కథగా వేసుకోవచ్చు. పెద్దమ్మ సంతకం ఉంది. మల్లమ్మ వేలిముద్ర ఉంది. కానీ ఆ ఒప్పుకోలు పెద్దమ్మకు ఇచ్చింది. నాకు కాదు. నేను కాగితాలను మళ్లీ చెయ్యి ముక్కలో చుట్టబోయి ఆగి, చెయ్యి ముక్కను మాత్రం నా సంచిలో పెట్టుకుని, మిగిలినవి లావణ్య చేతికిచ్చాను.

“మల్లమ్మ రాంగనే నాకు ఫోన్ జెయ్యి. వచ్చి అడుగుత.”

“ఒప్పుకోకపోతే?”

“ఒప్పుకోకపోతే మీ ఇంట్లనే ఉంటది.”

సంచులు రెండూ నీళ్లపొయ్యిలోకి పోలేదు. లావణ్య మిషన్ మీద నూనె డబ్బా ఉంది. పక్కనే పాత గుడ్డ ముక్క, దాని మీద పది కుట్లు, కొంచెం వంకరగా.

షాద్‌నగర్ వచ్చాక ఆహ్వానం రాయడానికి నలుగురం కూర్చున్నాం. అప్పటితో పోలిస్తే ఇప్పుడు ఆడవాళ్లు రచనలు పంపడానికి దారులు చాలా ఉన్నాయి. పోస్టాఫీసు దాకా నడవక్కర్లేదు. శుభ్రంగా రాసిపెట్టే పిల్ల ఇంట్లో ఉండక్కర్లేదు. వాట్సాప్‌లో పంపుతారు, నోటితో చెప్పి కూడా పంపుతారు, మేమే రాసుకుంటాం. నెలకు మూడు నాలుగు పత్రికలు ఆహ్వానాలు వేస్తున్నాయి. ఇది మంచి మార్పే, చిన్నది కాదు. అయినా పోయిన సంచిక అప్పుడు గడువు దాటాక ముప్పై మందికి పైగా రాశారు. ‘ఇప్పుడే చూశాను మేడమ్, ఇంకా సమయముందా?’ అని. ఎవరో పోస్టరును ఫోటో తీసి, కింది భాగం కత్తిరించి, స్టేటస్‌లో పెట్టారు. దాన్నే వందమంది పంచుకున్నారు. కత్తెర ఇప్పటికీ అక్కడే పడుతున్నది.

హామీ పత్రం మాటలు మార్చాం. ‘ఇది ఎవరి దగ్గర విన్నదైతే వారి పేరు రాయండి. వారికి చదివి వినిపించారా, ఏమన్నారు, అది కూడా రాయండి’ అని చేర్చాం. గడువు తొలకరి తర్వాత నెలకు పెట్టమన్నాను. మాలో రమకు ఇది నచ్చలేదు.

“ఇంత పొడుగు గడువా? ఎవలి కోసం ఆగుతున్నం?”

“ఒకామె మంద తోటి పోయింది. తిరిగి రావాలె.”

రమ నా ముఖం చూసి, ఆ తేదీనే రాసుకుంది. నేను నా చెయ్యి ముక్కను బల్ల మీద పరిచి, దాన్ని చూస్తూ ఆహ్వానం రాశాను. చివరి తేదీని మొదటి వరుసలో ఒకసారి, నడిమధ్యలో ఒకసారి, అడుగున ఒకసారి వేయించాను. అచ్చుతప్పు అనుకుని ప్రెస్ అతను ఫోన్ చేస్తే, తప్పు కాదు, అలాగే ఉంచమన్నాను. ఎవరు ఎక్కడ కోసినా ఒకటి మిగలాలి.